‘తగిలింది’ అన్నావా?

ప్రశ్న: మాస్టారూ, మాది గుణుపురం. ఎనిమిదేళ్లు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. అక్కడ ఒక చిన్న బృందంలో చేరి పాతకాలపు యూరప్ కత్తిసాము, అంటే రెండు చేతులతో పట్టే పొడుగు కత్తి (లాంగ్‌సోర్డ్) విద్య, నేర్చుకున్నాను. అమ్మకి ఒంట్లో బాగోక రెండేళ్ల కిందట ఇంటికి వచ్చేసి ఇక్కడి నుంచే పని చేసుకుంటున్నాను. ఆదివారాలు మా బాబాయి రైసు మిల్లు కళ్లంలో ఏడుగురు పిల్లలకి ఇదే నేర్పుతున్నాను. నా తర్వాత చేరినవాళ్లు పోటీలకి వెళ్లి పతకాలు తెచ్చుకున్నారు. నేను కూర్చిన ఒక సాధనని వీడియోలో చూసి, బెంగళూరులో ఒకాయన తనదన్నట్టు క్లాసులో చెబుతున్నాడు. ఊళ్లో నన్ను ‘కత్తుల సారు’ అని నవ్వుతారు. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి నా ముంజేతి మీద కొట్టింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నాకు చాలా చిన్నతనం అనిపించింది. కొత్త కత్తి కొనడానికి డబ్బు దాచుకున్నాను. ఈ క్లాసు ఆపేసి రెండేళ్లు నా సాధన మీదే పెట్టి పేరు తెచ్చుకోనా? లేక పిల్లలకి ఓనమాలు దిద్దిస్తూ ఇక్కడే ఉండిపోనా?
ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

సమాధానం:

బాబూ,

నీ ఉత్తరం పైన కుదించి వేశాం గానీ అసలుది నాలుగు పేజీలు. పతకాలవాళ్ల గురించి ఒక పేజీ, వీడియో గొడవ పేజీన్నర, ఊళ్లో నవ్వేవాళ్ల గురించి అర పేజీ. ఆ అమ్మాయి కొట్టిన దెబ్బకి మాత్రం మూడే మూడు వాక్యాలు ఇచ్చావు. నేను ఆ మూడింటి దగ్గరే ఆగిపోయాను. దెబ్బ పడింది, పిల్లలు చప్పట్లు కొట్టారు, నీకు చిన్నతనం వేసింది. మధ్యలో జరగాల్సింది ఒకటి కనబడలేదు. దెబ్బ పడగానే నువ్వు నోరు తెరిచి ‘తగిలింది’ అన్నావా?

రాయలేదు కాబట్టి అనలేదనే అనుకుంటున్నాను. ‘సరే సరే, మళ్లీ మొదలుపెడదాం’ అని ఉంటావు. నా ఊహ తప్పైతే ఏమనుకోకు. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ణి, అందుకని అడుగుతున్నాను.

నా సంగతి చెబితే గానీ నా మాటకి ఎంత విలువ ఇవ్వాలో నీకు తెలీదు. పర్లాకిమిడిలో మా వీధి తాలింఖానాలో, అంటే కర్రా కత్తీ నేర్పే వ్యాయామశాలలో, చిన్నప్పుడు కర్ర తిప్పాను, కొన్నాళ్లకి కత్తి. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టారిగా పిల్లల్ని ఎండలో పరిగెత్తించాను. నీ లాంగ్‌సోర్డ్ చేత్తో పట్టుకున్నది లేదు. రిటైరయ్యాక మా మనవడు టాబ్‌లో పెట్టి ఇస్తే ఆ పాత కత్తి పుస్తకాల అనువాదాలు చదవడం వ్యసనమైంది. కాబట్టి కత్తి గురించి నేను చెప్పేది చదువుకున్న మాట. పిల్లల గురించి చెప్పేది దెబ్బలు తిని నేర్చుకున్న మాట.

మా తాలింఖానాలో అంపైరు అనేవాడు లేడు. కర్ర ఎవరికి తగిలిందో వాడే ‘తగిలింది’ అని ఆగాలి. తిని కూడా మాట్లాడకుండా ఆడేవాణ్ణి ‘వీడిది తోలు మందంరా’ అని పక్కన కూర్చోబెట్టేవారు. పోటీల్లో జడ్జీలు ఉంటారు గానీ, మామూలు సాధనలో మీవాళ్లూ ఇదే పద్ధతి పాటిస్తారని చదివాను. బెంగళూరులో నువ్వూ చెయ్యెత్తి ఒప్పుకునే ఉంటావు. అక్కడ ఎదురుగా ఉన్నది నీ ఈడువాళ్లు. ఇక్కడ గౌను వదిలి పంజాబీ డ్రస్సులోకి వచ్చి ఏడాదైనా కాని పిల్ల, వెనకాల ఆరుగురు పిల్లలు. నోరు పెగలదు. నాకు తెలుసు.

కానీ ఆ దెబ్బ ఎందుకు పడిందో ఒక్కసారి ఆలోచించు. పడింది తల మీద కాదు, భుజం మీద కాదు, ముంజేతి మీద. 1599లో జార్జ్ సిల్వర్ అనే ఇంగ్లీషాయన ఒక పుస్తకం అచ్చేశాడు. నిండా దెబ్బలాట స్వభావం, ఇటలీ నుంచి వచ్చిన మాస్టర్లంటే ఒళ్లుమంట. కోపం సంగతి ఎలా ఉన్నా ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకున్నాడు: ముందు చెయ్యి కదలాలి, ఆ తర్వాతే కాలు. కత్తి బయల్దేరాక అడుగు పడాలి. అడుగు ముందు పడి కత్తి వెనక నుంచి వస్తే, నీ ఒళ్లు అవతలివాడికి అందే దూరంలోకి వెళ్లిపోతుంది, నీ కత్తి మాత్రం ఇంకా భుజం మీదే ఉంటుంది. ఆ లోపల ముంజేయి పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. పిల్లల ముందు మనం కొంచెం ఎచ్చులకి పోతాం కదా, పెద్ద అడుగేసి ‘ఇదిగో ఇలా’ అంటాం. ఆ పెద్ద అడుగే నీ కొంప ముంచింది అని నా అనుమానం. పోటీలో నీకంటే గట్టివాడు ఇదే తప్పు కనిపెట్టి ఉంటే పతకం పోయేది. ఈ పిల్ల ఫీజు తీసుకోకుండా చెప్పింది. నువ్వు ‘తగిలింది’ అనకపోతే, తను చేసింది ఒప్పో తప్పో ఆ పిల్లకి తెలియదు. మళ్లీ ఆ దెబ్బ కొట్టడానికి జంకుతుంది. అలా జంకే పిల్లలతో ఎన్నేళ్లు ఆడినా నీ చెయ్యి బాగుపడదు.

ఇప్పుడు పేరు సంగతికి వద్దాం. అది అడిగావు కాబట్టి తప్పించుకోను.

ఇటలీ కత్తి మాస్టారు ఫియోరె దెయి లిబేరి పేరు నీకు నేను చెప్పక్కర్లేదు. 1400 తర్వాత కొద్ది ఏళ్లలోనే తన విద్యంతా బొమ్మలతో పుస్తకంగా రాయించాడు. పేరు మీద యావ లేనివాడేం కాదు. ఇతర మాస్టర్లతో ఐదుసార్లు పదునైన కత్తులతో, ఒంటి మీద కవచం లేకుండా తలపడ్డానని ముందుమాటలోనే చెప్పుకున్నాడు. తలుపులు వేసి రహస్యంగా నేర్పేవాణ్ణనీ రాశాడు. మనవాళ్లకి ఏం తీసిపోడు. అంతటివాడు కూడా తన గొప్ప చూపించాల్సి వచ్చేసరికి ఏం చేశాడో చూడు. నా శిష్యుడు ఫలానావాడు, ఫలానావాడితో ఫలానా ఊళ్లో తలపడ్డాడు అని వరసగా పేర్లు రాసుకుంటూ పోయాడు. 1395లో పాడువాలో ఫ్రాన్సు యోధుడు బూసికోతో తలపడిన గలియాట్సో కూడా ఆ వరసలో ఉన్నాడు. తన ఐదు పోట్లాటల్లో అవతల ఉన్నవాళ్ల పేరు ఒక్కటీ చెప్పలేదు. పిల్లల పేర్లు మాత్రం గుర్తు పెట్టుకుని రాశాడు.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. ఎదురుదెబ్బ చూపించే మాస్టరు నెత్తిన కిరీటం ఉంటుంది. ఆ పట్టు ప్రకారం గెలిచే శిష్యుడి మోకాలి కింద పట్టీ ఉంటుంది. వాళ్లిద్దరినీ ఓడించే మూడోవాడు వస్తాడు, వాడికి కిరీటమూ పట్టీ రెండూ ఉంటాయి. అంటే కిరీటం పెట్టుకున్నవాడు కూడా రెండు బొమ్మల తర్వాత ఓడిపోతాడు, అది కూడా అదే పుస్తకంలో, తను వేయించుకున్న బొమ్మల్లో. కిరీటం ఎవడూ ఊడబెరకడు. మీ మిల్లు కళ్లంలో ఆ ఆదివారం జరిగిందీ అదే గానీ, నువ్వు కిరీటం పోయిందనుకుని కంగారు పడ్డావు.

జర్మనీ వాళ్ల పెద్ద గురువు లీఖ్టెనావర్ది ఇంకో కథ. ఆయన చేత్తో రాసిన పుస్తకం ఒక్కటీ మనకి మిగల్లేదు. విద్య అందరి నోళ్లలో పడకూడదని, బయటివాళ్లకి అర్థం కాకుండా ముడులు వేసి పద్యాలు కట్టాడట. ఆ పద్యాలు ఒట్టిగా చదివితే నీకైనా నాకైనా తలా తోకా తెలీదు. తర్వాత వచ్చిన రింగెక్ లాంటి మాస్టర్లు కూర్చుని ఒక్కో పాదానికీ టీకా రాశారు, ‘ఇది గురువు లీఖ్టెనావర్ విద్య’ అని మొదట్లోనే చెప్పి మరీ రాశారు. ఆ పేరు ఇవాళ గుణుపురం దాకా వచ్చిందంటే ఆయన దాచడం వల్ల కాదు.

అందుకని నీ వీడియో గొడవ దగ్గర ఒక మాట అడుగుతాను. ఆ బెంగళూరాయనకి మర్యాదగా ఒక్కసారి రాయి. ‘ఈ సాధన నేను కూర్చింది, చెప్పేటప్పుడు ఆ మాట కూడా చెప్పండి’ అని. అడగడం తప్పు కాదు. చెబితే సరే, చెప్పకపోతే వదిలెయ్. అయితే నీకు ఆ అడుగులు నేర్పింది ఎవరు? నీ మొదటి మాస్టారి పేరు ఈ ఏడుగురు పిల్లల్లో ఒక్కరికైనా తెలుసా? నాలుగు పేజీల ఉత్తరంలో ఆయన పేరు నాకు కనబడలేదు. చత్వారం వచ్చినవాణ్ణి, రెండోసారి వెతికాను కూడా.

నన్ను పెద్ద సాధువు అనుకోకు. ఒక ఏడాది నా దగ్గర మూడేళ్లు తయారైన కుర్రాడు రాష్ట్ర స్థాయిలో నాలుగు వందల మీటర్లు గెలిచాడు. సభ పెట్టి ‘వీరి శిక్షణలో’ అంటూ ఇంకొకాయనకి శాలువా కప్పారు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. ఇంటికొచ్చి అన్నం తినలేదు. మర్నాడు గ్రౌండుకి వెళ్లలేదు, ఆ మర్నాడూ వెళ్లలేదు. ఎనిమిది రోజులు. మా ఆవిడ ఓదార్చే రకం కాదు. ‘మరి గ్రౌండు తాళం ఎవరికైనా ఇచ్చారా?’ అని అడిగింది. తాళం నా జేబులోనే ఉంది. పిల్లలు రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడి వెళ్లిపోయారట. లాంగ్‌జంప్ దూకే పిల్లాడొకడు తొమ్మిదో రోజున రాలేదు. వాళ్ల మావయ్య సైకిల్ షాపులో పనికి కుదిరాడు. మళ్లీ రాలేదు. ఆ శాలువా రంగు నాకు ఇప్పుడు గుర్తు లేదు గానీ వాడు పరిగెత్తుకొచ్చి పలక మీద కాలు మోపే తీరు గుర్తుంది.

సరే, నీ పిల్లల సంగతి.

కొత్తగా నేర్పేవాళ్లు చేసే తప్పు ఒకటుంది, తాలింఖానాలోనూ ఇదే చూశాను. పిల్లకి దెబ్బ తగులుతుందేమోనని కత్తి తల పక్కకి, గాల్లోకి కొడతారు. ఆ పిల్ల తగలని దెబ్బని ఆపడం నేర్చుకుంటుంది. చెయ్యి అనవసరంగా పక్కకి పోవడం అలవాటైపోతుంది. నిజంగా తలకి వచ్చే దెబ్బ ఎదురైన రోజున బిగుసుకుపోతుంది. నువ్వు కొట్టేది నెమ్మదిగా కొట్టు, ఎంత నెమ్మదిగానైనా సరే, కానీ మాస్కు మధ్యకి కొట్టు. తను ఆపకపోతే కత్తి వెళ్లి మాస్కు మీద ఆనాలి. ఆపితే తన ఎదురుదెబ్బ నీ మీద పడాలి, నువ్వు పడనివ్వాలి, ‘తగిలింది’ అనాలి. అరగంటలో ముప్ఫైసార్లు ఓడిపోవడం అన్నమాట. దీనికి నీ ఒళ్లు అప్పు ఇవ్వాలి. పేరు కావాలనుకునేవాడికి ఈ అరగంట నరకం. అలవాటైతే అంత హాయి ఇంకోటి లేదు, ఎందుకంటే ఎవరి చెయ్యి ఎక్కడ తడబడుతోందో గట్టు మీద నిలబడి చూసేవాడికంటే దెబ్బ తినేవాడికే ముందు తెలుస్తుంది.

మాటల విషయం. ‘ఓక్స్, ఫ్లూగ్’ అని జర్మన్ పేర్లే చెబుతున్నానని, పిల్లలు మర్చిపోతున్నారని రాశావు. మరి మర్చిపోరూ! ఓక్స్ అంటే ఎద్దు, ఫ్లూగ్ అంటే నాగలి. ఆల్బర్ అంటే వెర్రివాడు. వంశధార ఒడ్డున పుట్టిన పిల్లలకి ఎద్దునీ నాగలినీ జర్మన్‌లో చెప్పడం ఏం ఖర్మ? కత్తి తల పక్కన కొమ్ములా పెట్టి ‘ఎద్దు’ అను. పిడి తుంటి దగ్గర, మొన అవతలివాడి మొహానికి, ‘నాగలి’ అను. మొన నేలకి వదిలేసి అమాయకుడిలా నిలబడితే ‘వెర్రాడు’. ఒడియా ఇంటి పిల్లలకి బళద, లంగళ అని చెప్పు. నీ ఏడుగురిలో ఇద్దరు సవర పిల్లలున్నారన్నావు. వాళ్ల మాట వాళ్లనే అడిగి నేర్చుకో. మా పర్లాకిమిడి రాజావారి బడిలో 1880లో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు చేసిందీ అదే. సవరల దగ్గర కూర్చుని సవర నేర్చుకుని, వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు నడిపారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన 1936లో ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు గానీ మా వీధుల్లో పెద్దవాళ్లు ఆయన మాట తీస్తే ఇప్పటికీ కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

ఆడపిల్లకి కత్తి ఏమిటని ఆ అమ్మాయి ఇంట్లో గొణుగుతున్నారన్నావు. ఇప్పటికి దొరికిన యూరప్ కత్తిసాము పుస్తకాల్లో అన్నిటికంటే పాతది 1300 ప్రాంతంలో జర్మనీలో రాసింది, ఇంగ్లండులో రాయల్ ఆర్మరీస్ వాళ్ల దగ్గర ఉంది. అందులో పుస్తకం పొడుగునా ఒక పూజారి, ఆయన శిష్యుడు కత్తీ చిన్న డాలూ పట్టుకుని ఆడుతుంటారు. చివరి పేజీల్లో శిష్యుడి చోటులో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది, పేరు వాల్పుర్గిస్. ఆ బొమ్మ ఫోన్‌లో చూపించు వాళ్ల నాన్నకి. దాంతో ఒప్పుకుంటాడని కాదు, కనీసం మాట మొదలవుతుంది. అమ్మని కూడా ఒక ఆదివారం కళ్లానికి రమ్మను. సాధన అయ్యాక ఇడ్లీ, ఘుగ్ని పెట్టిస్తున్నావట కదా, అదీ తింటుంది.

తల్లిదండ్రులు సర్టిఫికెట్ గురించి అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో భవానీ దేవి ఆడింది సేబర్, ఇప్పటి ఫెన్సింగ్‌లో ఒక రకం, అది వేరే ఆట. మన దేశం నుంచి ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్ ఆడిన మొదటి మనిషి ఆవిడే. నువ్వు నేర్పే పాతకాలపు లాంగ్‌సోర్డ్ ఒలింపిక్స్‌లో లేదు. కోటా వస్తుంది, మార్కులు కలుస్తాయి అని ఆశ పెట్టి పిల్లల్ని నిలబెట్టుకోకు. ఎవరికైనా పోటీల మీద నిజంగా మనసుంటే సేబర్ నేర్పే చోటుకి నువ్వే పంపించు. పంపేటప్పుడు నీ కడుపులో కొంచెం కలుక్కుమంటుంది. మనుషులం కదా, అది మామూలే.

కొత్త కత్తి ఇప్పుడు వద్దు. ఏడుగురికి రెండే మాస్కులున్నాయని రాశావు, అది చదివి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. కత్తి డబ్బుతో ముందు మాస్కులు కొను, తల వెనక భాగం కప్పే మెత్త కూడా కలిపి. మామూలు ఫెన్సింగ్ మాస్కు ముందూ పక్కలూ కాస్తుంది, వెనక ఏమీ ఉండదు. మెడకి పట్టీ, చేతులకి గట్టి గ్లవుజులు. లాంగ్‌సోర్డ్‌లో ముందు నలిగేవి వేళ్లే, మా కర్రసాములోనూ అంతే. ఇదిగో నా కుడి చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. ఇవన్నీ వచ్చేదాకా పిల్లల చేతికి ఉక్కు కత్తి ఇచ్చి జోరుగా ఆడించొద్దు. చెక్క కత్తులతో, మెల్లగా, జతలుగా. బోరు కొడుతోందంటారు. కొట్టనీ.

ఇంతా చెప్పి పోటీలకి వెళ్లొద్దనడం లేదు. వెళ్లు. ఏడాదికి ఒకటో రెండో చూసుకుని వెళ్లు. పొద్దున్నే ఒక గంట నీ సొంత సాధనకి ఉంచుకో, ఆ గంటలో ఏ పిల్లనీ రానివ్వకు. తను నేర్చుకోవడం మానేసిన మాస్టారు నాలుగేళ్లు చెప్పిందే చెప్పి పిల్లలకి విసుగు పుట్టిస్తాడు. నేను కొన్నాళ్లు అలా తయారయ్యాను. కానీ క్లాసు ఆపేసి రెండేళ్లు ఒక్కడివే సాధన చేస్తానన్నావే, అది మాత్రం నాకు ఎక్కలేదు. గుణుపురంలో ఎవరితో ఆడతావు? గోడతోనా? మా తాలింఖానాకి పుస్తకం లేదు గానీ చేత్తో పట్టి చూపించే ముసలివాళ్లు ఇంకా ఒకరిద్దరున్నారు. మీ విద్యకి పుస్తకాలు మిగిలాయి, నేర్పిన మనుషులు ఎప్పుడో పోయారు. రాసింది సరిగ్గా అర్థమైందో లేదో తేలాలంటే ఎదురుగా కత్తి పట్టుకున్న మనిషి ఉండి తీరాలి. అలాంటి మనుషులు రాయగడ జిల్లా మొత్తానికి నాకు తెలిసి ఏడుగురే ఉన్నారు, వాళ్లు ఆదివారం మీ బాబాయి కళ్లంలోనే ఉంటారు.

‘కత్తుల సారు’ అంటే నవ్వులాటకే అంటున్నారులే. నన్ను మా ఊళ్లో ముప్ఫై ఏళ్లు ‘విజిలు మాస్టారు’ అన్నారు. మా ఇంటి అడ్రసు అడిగితే ఇప్పటికీ ఆ పేరుతోనే చూపిస్తారు.

వచ్చే ఆదివారం పిల్లలందరూ వచ్చాక ఆ అమ్మాయిని పిలువు. మొన్న ఎలా నిలబడ్డారో ఇద్దరూ అలాగే నిలబడండి. నువ్వు అదే అడుగు వెయ్యి, తనని అదే దెబ్బ కొట్టమను. తగలగానే ‘తగిలింది’ అని ఆగి, ఎందుకు తగిలిందో మిగతా ఆరుగురికీ తననే చెప్పమను. తెలుగులో చెబుతుందో ఒడియాలో చెబుతుందో తన ఇష్టం. నువ్వు మధ్యలో అందుకోకు, అదే కష్టం. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు రాయి.

రాసేటప్పుడు ఇంకొకటి. నాలుగు పేజీల్లో ఆ అమ్మాయి పేరు ఎక్కడా రాయలేదు నువ్వు. పత్రికలో వెయ్యంలే, నాకు తెలియడానికి రాయి.